'ఘర్షణ' చూశాం... ఘర్షణ పడ్డాం!

తెలుగువాడి సూట్‌కేసులో ఆవకాయ సీసాకి ఎంత చోటుంటుందో, అభిమాన హీరో సినిమాలకీ అంతే చోటుంటుంది. ఐర్లాండ్ పశ్చిమాన, ఫెర్గస్ నది ఒడ్డున ఉన్న ఎన్నిస్ చిన్న ఊరు. బాక్సర్ మహమ్మద్ అలీ ముత్తాత ఏబ్ గ్రేడీ ఇక్కడివాడే. 2009లో అలీ స్వయంగా వచ్చి ఆ మూలాలు చూసుకుని వెళ్లారు. ఊరివాళ్లకి ఆయనంటే ఎంత గొప్పో, ఇక్కడున్న నాలుగు తెలుగిళ్ల వాళ్లం మాకు వెంకటేష్ అంటే అంత!

నవ్వుకోవడానికైతే 'నువ్వు నాకు నచ్చావ్', 'మల్లీశ్వరి' ఎలాగూ ఉన్నాయి. కానీ వానపట్టిన శనివారం (పట్టని శనివారం ఇక్కడ తక్కువే లెండి) అందరం ఓ ఇంట్లో చేరితే ముందు పెట్టేది 2004 నాటి 'ఘర్షణ'. మణిరత్నం 'అగ్ని నక్షత్రం' కూడా తెలుగులో ఇదే పేరుతో వచ్చింది కాబట్టి, ఇది వెంకీ 'ఘర్షణ' అని చెప్పుకోవాలి. గౌతమ్ మీనన్ 2003లో సూర్య, జ్యోతికలతో తమిళంలో తీసిన 'కాక్క కాక్క'ని మళ్లీ తనే తెలుగులో తీశాడు. పాటలు రెండింటికీ హారిస్ జయరాజే. 2011లో ఇదే కథ జాన్ అబ్రహాంతో 'ఫోర్స్' పేరిట హిందీకీ వెళ్లింది.

మన తెరమీద పోలీసంటే 'అంకుశం'. రాజశేఖర్ చూపు, సాయికుమార్ గొంతు కలిస్తే హాలు దద్దరిల్లేది. 'ఘర్షణ' రామచంద్ర అలా కాదు. కత్తిరించిన జుట్టు, తక్కువ మాట. మాయతో ప్రేమ కూడా ముక్తసరిగానే. అసిన్ వేసిన ఆ టీచరమ్మ పాటల కోసం పెట్టిన బొమ్మలా ఉండదు. ఇతను సాయంత్రం ఇంటికి తిరిగొస్తాడో రాడో తెలీదని తెలిసే ఒప్పుకుంటుంది. అందుకే ఆ జంట మాకంత నచ్చింది. అందుకే చివర్లో మాయ చనిపోతే మా ఇళ్లలో ఆడవాళ్లకి ఇప్పటికీ కోపమే. "హీరోకి కోపం రావాలంటే ప్రతిసారీ పెళ్లామే చావాలా అన్నయ్యా?" అని ఒకావిడ నిలదీస్తే మా దగ్గర జవాబు లేదు.

ఈమధ్య అసలు గొడవ పిల్లల దగ్గర మొదలైంది. వీళ్లు పుట్టి పెరిగింది ఇక్కడ. ఇక్కడి పోలీసు గార్డా. ఐరిష్‌లో పూర్తి పేరుకి అర్థం శాంతి రక్షకులని. 1922 నుంచీ యూనిఫాంలో తిరిగే గార్డాకి మామూలుగా తుపాకీ ఉండదు. వీధిలో కనిపిస్తే పిల్లలు చెయ్యి ఊపుతారు. అలాంటివాడు రామచంద్ర దళం ఎన్‌కౌంటర్ చూసి, "బాబాయ్, వాణ్ణి కోర్టుకి తీసుకెళ్లలేదేం?" అన్నాడు. "అక్కడి రౌడీల సంగతి నీకు తెలీదురా" అన్నాం. "కోర్టుకి తెలుస్తుంది కదా?" అన్నాడు వెంటనే.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దవాళ్లం రెండు జట్లయ్యాం. సినిమాని సినిమాగా చూడాలని ఒక జట్టు. అలా చూస్తే 2019 డిసెంబర్‌లో దిశ కేసు నిందితులు నలుగురిని చటాన్‌పల్లి దగ్గర కాల్చేశాక జనం పోలీసులపై పూలెందుకు చల్లారని రెండో జట్టు. అది ఎదురుకాల్పుల కథ కాదని, చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి పోతే వేరే బృందం దర్యాప్తు చేయాలని, మేజిస్ట్రేట్ విచారణ జరగాలని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆడపిల్ల తల్లిదండ్రుల కడుపుమంట మాకు అర్థం కానిది కాదు. కేసులు ఏళ్లకేళ్లు సాగుతుంటే జనం తుపాకీకే చప్పట్లు కొడతారు. కానీ తప్పు మనిషి దొరికితే? ఈ ప్రశ్న దగ్గర పెరుగన్నం చల్లారిపోయింది (చల్లారేదేముంది అనకండి, ఐర్లాండ్‌లో అన్నీ చల్లారతాయి).

మా మటుకు మాకు 'ఘర్షణ' మీద ఇష్టం తగ్గలేదు. రామచంద్ర నడిచొస్తుంటే ఇప్పటికీ ఈల వేస్తాం. ఎన్‌కౌంటర్ దగ్గర మాత్రం ఆ ఈల కాస్త నెమ్మదించింది. పిల్లాడు మావంక చూస్తుంటాడు మరి!

వచ్చే శనివారానికి ఆడవాళ్ల ఓట్లన్నీ 2025లో వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం'కే పడ్డాయి. అందులోనూ వెంకటేష్ మాజీ పోలీసే. కాకపోతే భార్య సినిమా చివరిదాకా క్షేమంగా ఉంటుందట, అదీ వాళ్ల షరతు.