క్వాంటం సాఫ్ట్‌వేర్ ఉచితమే, మరి ఖర్చు ఎవరు పెడుతున్నారు?

అమరావతిలో క్వాంటం వ్యాలీ వస్తోందని, అందులో ఐబీఎం వారి 156 క్యూబిట్ల ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ పెడతారని 2025 మేలో ప్రకటన వచ్చింది. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఇక వచ్చే ప్రశ్న ఒకటే: ఇది నేర్చుకోవాలంటే ఎంత అవుతుంది?

సాఫ్ట్‌వేర్‌కైతే పైసా అక్కర్లేదు. ఐబీఎం వారి క్విస్కిట్, గూగుల్ వారి సర్క్, కెనడా కంపెనీ జనాడు తెచ్చిన పెన్నీలేన్, ఈ మూడూ ఓపెన్ సోర్స్. కోడ్ అందరికీ కనిపిస్తుంది. తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాంతో వ్యాపారం కూడా చేసుకోవచ్చు.

మరి ఇంత పెద్ద కంపెనీలు ఊరికే ఎందుకిస్తున్నాయి? ఇది దానమేమీ కాదు. ప్రింటర్ చౌకగా ఇచ్చి ఇంకు దగ్గర డబ్బులు రాబట్టుకోవడం మనం చూసిందే. ఇక్కడ ఇంకు అంటే మెషీన్ టైమ్. ఐబీఎం వాడే రకం చిప్ పనిచేయాలంటే దాన్ని మైనస్ 273 డిగ్రీల దరిదాపుల్లో చల్లగా ఉంచాలి, ఆ ఖర్చు మామూలుది కాదు. అందుకే ఐబీఎం నెలకు 10 నిమిషాలు ఉచితంగా ఇచ్చి, ఆపైన వాడుకున్నంతకు కట్టే ప్లాన్‌లో నిమిషానికి 96 డాలర్ల రేటు పెట్టింది. ఇప్పటికైతే కొనేవాళ్లు తక్కువ. కానీ ఈ రోజు క్విస్కిట్‌లో చెయ్యి తిరిగిన విద్యార్థి రేపు ఆఫీసులో ఆ కంపెనీ మెషీనే కావాలంటాడు. కంపెనీల లెక్క అది.

ఇందులో ఒక చిక్కుంది. జీతాలిచ్చేవాళ్లదే మాట. కెమిస్ట్రీ, ఫైనాన్స్ లెక్కలకు పనికొచ్చే క్విస్కిట్ ఆక్వాను ఐబీఎం 2021లో పక్కన పెట్టింది. క్లౌడ్‌లో ఉచితంగా నడిపిన సిమ్యులేటర్లను 2024 మేలో ఆపేసింది. కోడ్ ఎక్కడికీ పోదు, నిజమే. రోజూ దాన్ని బాగుచేసే మనిషికి జీతం ఆగితే మాత్రం అది మెల్లగా పాతబడిపోతుంది.

ఆ లోటు కొంత పూడ్చాలని అమెరికాలో 2018లో యూనిటరీ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ మొదలైంది. మంచి ఆలోచనతో వచ్చినవాళ్లకు 4,000 డాలర్ల చిన్న గ్రాంటు ఇస్తుంది, బదులుగా వాటా అడగదు. యూనిటరీహ్యాక్ పేరుతో పోటీ పెట్టి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో తప్పులు సరిచేసినవాళ్లకు డబ్బు బహుమతులూ ఇస్తుంది. పెద్ద కాలేజీ సర్టిఫికెట్ లేని కుర్రాడికో అమ్మాయికో ఇది మంచి దారి. అక్కడ చూసేది రాసిన కోడ్‌ని.

ఇక లాప్‌టాప్ సంగతి. 20 క్యూబిట్ల సర్క్యూట్‌ను మామూలు లాప్‌టాప్ మీదే నడపొచ్చు, దాని స్థితిని దాచడానికి 16 ఎంబీ చాలు. 30 క్యూబిట్లకు 16 జీబీ కావాలి. ఆపైన ఒక్కో క్యూబిట్‌కూ అది రెట్టింపవుతుంది. బీటెక్ విద్యార్థికి ఆ మెట్టు దాకా చాలా పని ఉంటుంది. కాబట్టి ఎవరైనా క్వాంటం కోర్సుకు వేలల్లో ఫీజు అడిగితే, అది సాఫ్ట్‌వేర్‌కు కాదు, పాఠం చెప్పే మనిషికి. ఆ మనిషి ఎవరు, ఇంతకుముందు ఏం కోడ్ రాశారు అని అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి.