మూడక్షరాల సంభాషణ

మీరు హైదరాబాదులో ఉన్నారు. రేడియోలో జపాన్ నుంచి ఒకాయన పలికాడు. ఆయనకు తెలుగు రాదు, మీకు జపనీసు రాదు. అయినా మాటలు సాగిపోతాయి! ఎలాగంటారా?

లైసెన్సు పొంది, సరదా కోసం సొంత ట్రాన్స్‌మిటర్ నడిపేవారిని "హామ్"లంటారు. వారి సంకేతాలు చాలావరకు "క్యూ" అక్షరంతో మొదలవుతాయి. "క్యూ.టి.హెచ్." అంటే "నేనున్న చోటు ఇది" అని. చివర ప్రశ్నార్థకం చేర్చారా, "మీరెక్కడున్నారు?" అని అడిగినట్లే. ఒక్కొక్క అక్షరాన్నీ మోర్స్ చుక్కలు, గీతలుగా కొట్టి పంపేవారికి ఎంత శ్రమ తగ్గిందో చూడండి! వేరే స్టేషను అడ్డు తగిలితే "క్యూ.ఆర్.ఎం."; మెరుపుల వల్ల గరగర వస్తే "క్యూ.ఆర్.ఎన్.".

అసలివి ఓడల కోసం పుట్టాయి. 1909 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం తయారుచేసింది. 1912లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం వీటిని స్వీకరించింది. హామ్‌లు అరువు తెచ్చుకున్నారు.

"క్యూ.ఎస్.ఎల్." అంటే "మీ వార్త అందింది". చిన్నమాటే. కాని 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి అండమాన్‌లో టెలిఫోన్లు మూగబోయాయి. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అప్పటికే అక్కడికి వెళ్ళిన హామ్‌లు క్షేమవార్తలు పంపారు. అలాంటప్పుడు పేరు ఒక్కటి తప్పుగా విన్నా ఎవరింట్లోనో ఏడుపే. అందుకే అవతలివారు "అందింది" అనేదాకా వదలకూడదు.

వీడ్కోలుకు అంకెలు చాలు: "73", అంటే శుభాకాంక్షలు. ఇది 19వ శతాబ్దంలో అమెరికా తంతి ఉద్యోగులు వాడినది. మోర్సులో 7కు రెండు గీతలు, మూడు చుక్కలు. 3కు మూడు చుక్కలు, రెండు గీతలు. "డా డా డి డి డిట్, డి డి డి డా డా" అని పలకండి. వెనకనుంచి పలికినా అదే వరస!