వర్క్‌షాప్ షెడ్ కడుతున్నారా? ఈ మూడు ఫర్మాలు ముందే చేసుకోండి.. లేదంటే బోల్టు దగ్గరే తంటా!

కామారెడ్డి: సొంతంగా వెల్డింగ్ షాపో, కార్పెంటర్ వర్క్‌షాపో పెట్టాలంటే ముందు షెడ్ కావాలి. ఎల్లారెడ్డిలో పునాది పోసి, ట్రస్‌లు కామారెడ్డిలో చేయిస్తే అసలు చిక్కు బిగించే రోజే బయటపడుతుంది. ప్లేటు రంధ్రం ఒకచోట, కాంక్రీట్‌లో బోల్టు మరోచోట! ట్రాలీ కిరాయి, లేబర్ కూలీ రెండూ వేస్ట్. దీనికి మందు జిగ్. మనోళ్ల భాషలో ఫర్మా. ఒక్కసారి కొలిచి చేసుకుంటే ప్రతి పీసూ ఒకే సైజులో వస్తుంది. మిగిలిపోయిన ప్లైవుడ్, యాంగిల్ ముక్కలు చాలు.

1. రింగుల బల్ల
12 అంగుళాల పిల్లర్ అంటే దాదాపు 300 ఎం.ఎం. అన్ని వైపులా 40 ఎం.ఎం. కవర్ వదిలితే రింగు బయటి కొలత 220 ఎం.ఎం. రావాలి. మందపాటి చెక్కపై గట్టి రాడ్ ముక్కలు దిగ్గొట్టి, ఆ కొలతకు ఒక స్టాపర్ పెట్టండి. ఇక టేపుతో పనిలేదు. రింగు కొసలు మాత్రం 90 డిగ్రీల దగ్గర ఆపొద్దు. 135 డిగ్రీలు లోపలికి వంచాలి. అప్పుడే భూకంపం లాంటి కుదుపుల్లో రింగు విప్పుకోదు.

2. బోల్టుల ప్లైవుడ్
కామారెడ్డిలో తయారైన బేస్ ప్లేటును ప్లైవుడ్ మీద పెట్టి, అవే రంధ్రాలు దించుకోండి. ‘రోడ్డు వైపు’, ‘పై వైపు’ అని రాయడం మర్చిపోవద్దు. తిరగేస్తే రంధ్రాలు తారుమారు కావచ్చు. కాంక్రీట్ పోసేటప్పుడు బోల్టులను ఈ ప్లైవుడ్‌కు పైనా కిందా నట్లతో బిగించాలి. మరలకు టేపు చుట్టాలి. కాంక్రీట్ గట్టిపడక ముందే మరోసారి కొలత చూసుకోవాలి.

3. ట్రస్ ఫర్మా
చదునైన నేలపై అసలు సైజులో సుద్దతో ట్రస్ గీయండి. ఇనుప ప్లేట్లు వేసి, గీత వెంట యాంగిల్ ముక్కలు అంటించండి. ప్రతి ట్రస్ అందులోనే పెట్టి ముందు అన్ని జాయింట్లకూ టాక్ వేయాలి. ఫుల్ వెల్డింగ్ ఆ తర్వాతే. ఒకవైపే వరసగా వెల్డింగ్ చేస్తే వేడికి ఇనుము లాగేస్తుంది.

మూలలు సరిగ్గా ఉన్నాయా?
షెడ్ 18 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు అనుకుందాం. ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ సరిగ్గా 30 అడుగులు రావాలి. తేడా వస్తే గుంతలు తవ్వక ముందే సరిచేయండి.

ఇది మాత్రం గుర్తుంచుకోండి
ఫర్మా తప్పుగా ఉంటే ఆ తప్పు అన్ని పీసుల్లోనూ దిగుతుంది. అందుకే మొదటి పీసును కొలిచాకే రెండోది మొదలుపెట్టాలి. పిల్లర్ సైజు, రాడ్ మందం, ట్రస్ డిజైన్ ఎంతుండాలో ఫర్మా చెప్పదు. అది ఇంజినీర్‌తోనే ఖాయం చేసుకోవాలి.