నరం కాదమ్మా, కండరం!

2022లో సినీనటి సమంత తనకు ‘మయోసైటిస్’ ఉందని వెల్లడించారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లలో చాలామంది అడిగింది ఒక్కటే. ‘‘నాక్కూడా ఒళ్లంతా నొప్పులే మేడమ్. అదేనంటారా?’’

నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్లు, గంటలకొద్దీ నిలబడి రొయ్యలు ఒలిచేవాళ్లు, టౌన్లో కుట్టుమిషన్ ముందు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు... పనులు వేరైనా అందరి నోటా వచ్చే మాట మాత్రం ఇదే: ‘‘నరం పట్టుకునింది!’’

అంతా నరమేనా?

పిక్క పట్టేసినా నరమే, మెడ తిరగకపోయినా నరమే, చేతిమీద నీలంగా కనిపించే రక్తనాళమూ మనకు నరమే! డాక్టరుకు ఇవన్నీ వేరు. నరం కబురు మోస్తుంది. పని చేసేది కండరం. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు టెండన్. ఎముకను ఎముకతో కలిపేది లిగమెంట్.

అర్ధరాత్రి పిక్క రాయిలా బిగుసుకుపోతే అది కండరం పని. దాన్నే ‘స్పాజమ్’ అని చీటీలో రాస్తారు. గంప ఎత్తబోతే నడుం చటుక్కున పట్టేస్తే సాధారణంగా కండరం సాగినట్టు. అది ‘స్ట్రెయిన్’. కాలు మడతపడి చీలమండ వాస్తే లిగమెంట్ దెబ్బతిన్నట్టు. అది ‘స్ప్రెయిన్’, మన బెణుకు. నడుం నుంచి పాదం దాకా కరెంటు షాకులా లాగి తిమ్మిరెక్కితే, అప్పుడు నరాన్ని అనుమానించాలి.

మాట ఒకటైనా జబ్బు ఒకటి కాదనడానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. నడుం, మెడ వంగక కొయ్యబారిపోయే జబ్బు గురించి 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు నివేదిక ప్రచురించారు. అది కండరం పట్టేయడం కాదు. తాగేనీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, లిగమెంట్లు గట్టిపడిపోవడం. ఎన్ని నూనెలు రాసి తోమినా అది వదిలేది కాదు.

పేరు పెద్దది, అర్థం చిన్నది

చీటీలో పేర్లు చూసి హడలిపోనక్కర్లేదు. ‘మజిల్’ అనే మాట లాటిన్‌లో చిట్టెలుకకున్న పేరులోంచి వచ్చింది. చేయి మడిస్తే చర్మం కింద కండ ఎలుకలా కదులుతుంది కదా! ఇంజెక్షన్ వేసే భుజం కండరం ‘డెల్టాయిడ్’. గ్రీకు అక్షరం డెల్టాలా మూడు మూలలుగా ఉంటుంది. ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే మన పెన్నా డెల్టాకూ ఆ అక్షరమే పేరిచ్చింది. పిక్క లోపలి కండరం ‘సోలియస్’. లాటిన్‌లో చెప్పునూ, బల్లపరుపుగా ఉండే ఒక చేపనూ పిలిచే మాటలోంచి పుట్టింది. మన బెస్తవాళ్లకు ఈ పేరు ఇట్టే గుర్తుండిపోతుంది!

జబ్బుల పేర్లను ముక్కలు చేసి చూడండి. ‘మయో’ అంటే కండరం. ‘ఆల్జియా’ అంటే నొప్పి. ‘ఐటిస్’ అంటే మంట, వాపు. కాబట్టి మయాల్జియా ఉత్త కండరాల నొప్పి. మయోసైటిస్ కండరాల్లో వచ్చే వాపు. ఇందులో నొప్పి కన్నా బలహీనతే ముఖ్యం. కింద కూర్చుంటే లేవలేకపోవడం, జడ వేసుకోవడానికి చేతులు ఎత్తలేకపోవడం లాంటివి కనిపిస్తాయి. పనిచేసి అలసిన ఒళ్లునొప్పి అది కాదు.

రక్తపరీక్షలోనూ కండరమే

కిడ్నీ కోసం చేసే ‘క్రియాటినిన్’ పరీక్ష చాలామందికి తెలుసు. ఆ క్రియాటినిన్ తయారయ్యేది కండరాల్లోని క్రియాటిన్ నుంచే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలుగులోకి తెచ్చారు. కండరం కదలడానికి కావలసిన శక్తి వీటిలోదే.

మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. కండ తక్కువగా ఉండే బక్కపలచని పెద్దవాళ్లలో కిడ్నీ కాస్త దెబ్బతిన్నా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. అలాంటివాళ్లు ‘నరాల నొప్పి’ అంటూ మందులషాపులో నొప్పి మాత్రలు కొని నెలల తరబడి మింగితే కిడ్నీకి ఇంకా చేటు.

డాక్టరుకు ఇలా చెప్పండి

జబ్బు పేరు మీరు చెప్పనక్కర్లేదు. ఎక్కడ నొప్పో వేలితో చూపించండి. ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తే ఎక్కువవుతోంది, తిమ్మిరా, బిగుసుకోవడమా, సత్తువ తగ్గడమా అన్నది చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, వాడుతున్న మాత్రలు దాచకండి.

కొన్నింటికి మాత్రం ఆలస్యం పనికిరాదు. కాన్పు తర్వాతగానీ, ఆపరేషన్ తర్వాతగానీ ఒక్క పిక్కే వాచి నొప్పి పెడితే నూనె రాసి తోమకండి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఛాతీ బరువుగా ఉండి, ఎడమ భుజమో దవడో లాగుతూ చెమటలు పడితే ‘నరం పట్టింది’, ‘గ్యాస్’ అని సరిపెట్టుకోకండి. గుండె కూడా కండరమే. ఈ రెండింటికీ వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. వంట అయ్యాక వెళదాంలే అనుకోకండి!