చంద్రకళంకము – శిలాభేదము

శశాంకుడు, మృగాంకుడు అను నామములకు మూలము చంద్రబింబమున కానవచ్చు మచ్చ. అది కుందేలనియు, లేడియనియు కవిసమయము. భూచ్ఛాయ యని మరియొక వాదము. ఆ మచ్చ నిజమునకు నీడయో, శిలయో ఇచట విచార్యము.

చంద్రునకు స్వయంప్రకాశము లేదని పూర్వు లెరుగుదురు. సూర్యకిరణ మొకటి చంద్రునియందు దీపించునని యాస్కుడు నిరుక్తమున చెప్పెను. ఆర్యభటుడు చంద్రుని జలమయునిగా నెంచెను. జలమయబింబముపై బడిన రవికిరణములు, అద్దమునుండి మరలి యింటి చీకటిని బాపు కిరణములవలె, రాత్రి చీకటిని బాపునని వరాహమిహిరుడు బృహత్సంహితలో నుపమించెను.

వెలుగు సూర్యునిదే యను సిద్ధాంతము నేటికిని నిలిచియున్నది. దర్పణోపమానము మాత్రము నిలువదు. చంద్రుడు నునుపైన దర్పణగోళమే యైనచో సూర్యప్రతిబింబ మొక్కచోటనే బిందువువలె మెరసెడిది. చంద్రతలమును గప్పిన సన్నని శిలాధూళి వెలుగును పలుదిక్కులకు చెదరగొట్టుచున్నది గనుకనే బింబమంతయు కానవచ్చును. అట్లు మరలునది పడిన వెలుగున సగటున నూటికి 12 పాళ్లు మాత్రమే.

ఇక మచ్చ మాట. దుండిగల్, శామీర్‌పేట ప్రాంతముల గ్రానైటు గుట్టలును, పడమట వికారాబాదు దిక్కున నున్న బసాల్టు శిలలును ఒకే యెండలో నున్నను, మొదటివి లేతగను, రెండవవి నల్లగను తోచును. గ్రానైటున లేతవన్నె గల ఫెల్డ్‌స్పార్ ఖనిజ మధికము. బసాల్టున ఇనుముతో గూడిన ముదురువన్నె ఖనిజము లధికము. చంద్రునియందును ఇదియే న్యాయము. అచటి ఉన్నతభూములు గ్రానైటు గాకున్నను, కాల్షియము, అల్యూమినియము గల ఫెల్డ్‌స్పార్‌తో నిండిన అనార్థొసైటు శిలలు. అవి నూటికి 11 మొదలు 18 పాళ్ల వెలుగును మరలించును. మచ్చలు ప్రాచీనకాలమున ప్రవహించి గడ్డకట్టిన బసాల్టు మైదానములు. అవి మరలించునది 7 మొదలు 10 పాళ్లే. కావున కళంకము నీడ కాదు, శిలాభేదము.

ఒక్కొక్క ఖనిజము వెలుగున తనకు నియతమైన భాగమును మ్రింగును. మరలివచ్చిన వెలుగున ఆ లోపమును బట్టి ఖనిజమును గుర్తింపవచ్చును. 2008 అక్టోబరు 22న శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-1 లోని అమెరికా పరికర మొకటి ఈ మార్గముననే పరిశీలించి, చంద్రతలమున జలసంబంధమైన చిహ్నములను కనుగొన్నట్లు 2009లో ప్రకటితమయ్యెను. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 యొక్క ప్రజ్ఞాన్ శకటము దక్షిణధ్రువ సమీపమున మట్టిని పరీక్షింపగా, అదియు ముఖ్యముగా అనార్థొసైటు జాతిదే యని తేలెను.

జలచిహ్నములు దొరకినవి గనుక జలమయవాదము సిద్ధించెననుట యుక్తము కాదు. శిలాధూళి నంటియున్న స్వల్పజలాంశము వేరు, బింబమంతయు జలమనుట వేరు. పరప్రకాశత్వమును గుర్తించుటయే పూర్వులకు చాలినంత కీర్తి. వారు చెప్పనిదానిని వారికి తగిలించుట శాస్త్రమునకును, వారికిని అపచారము.