జాగిలమును చెవులపిల్లియు



‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు’ అను సామెత ఎరుగని తెలుగువాడుండడు. మొండివాదము చేయువానిని గూర్చి మనమీ మాటను వాడుచుందుము. కాని ఈ సామెత పుట్టుటకు ముందు ఎవ్వడో యొకడు కుందేటిని పట్టియుండవలెను గదా! ఆ పట్టుటలో వానికి తోడుపడినది తరచుగా కుక్కయే. కుందేలు, దానిని తరిమిన కుక్క, ఆ కుక్కను పెంచిన మనిషి: ఈ మువ్వురిని గూర్చియే నేడు నేను ముచ్చటింపదలచితిని. వేట ఏ విధముగా సాగెడిదో, అది ఎందుకు ఆగవలసివచ్చెనో, ఆగిన పిమ్మట ఆ కుక్క గతి యేమో వరుసగా మనవిచేసెదను. ఈ మూడవ విషయమే గ్రామమునందు మాట చెల్లుబడి గల మీవంటి పెద్దలు ఆలోచింపదగినది.

మొదట కుందేటి సంగతి. మెట్టపొలములలోను, తుప్పలలోను, గుట్టల అంచులను కనబడు ఈ ప్రాణిని కొన్ని సీమలలో చెవులపిల్లి యందురు. సంస్కృతమున దీని పేరు శశము. చంద్రునిలోని మచ్చను కుందేలని తలచియే ఆయనను శశాంకుడనిరి. పట్టణములలో గూళ్లయందు పెంచెడి తెల్ల కుందేలును, మన పొలములోని కుందేలును ఒక్కటే యని పలువురు తలంతురు. అది నిజము కాదు. గూటి కుందేలు ఐరోపా ఖండము నుండి వచ్చిన జాతి. అది నేలలో బొరియ త్రవ్వుకొని గుంపుగా నివసించు స్వభావము గలది. దాని పిల్లలు కన్నులు తెరువక, ఒంటిపై వెండ్రుకలు లేక పుట్టును. మన కుందేలు బొరియ త్రవ్వదు. గడ్డిలోనో పొద క్రిందనో తన ఒడలు పట్టునంత పల్లము చేసికొని, పగలెల్ల అందు ముడుచుకొని పడియుండి, చీకటిపడిన పిమ్మట మేతకు వెడలును. దాని పిల్లలు బొచ్చుతోడను, తెరచిన కన్నులతోడను పుట్టును. దక్షిణదేశపు కుందేటికి మెడవెనుక నల్లని మచ్చ యుండును. అదియే దాని గుర్తు.

బొరియలేని ప్రాణికి రక్షణములు రెండే. ఒకటి కదలక పడియుండుట. రెండవది, తప్పనిసరియైనపుడు ఒక్క ఉదుటున లేచి పరుగెత్తుట. మనిషి రెండడుగుల దూరమునకు వచ్చువరకు కుందేలు కదలకపోవుట మీలో పలువురు చూచియే యుందురు. దాని కన్నులు తలకు రెండుప్రక్కల నుండుటచే వెనుకనుండి వచ్చునది కూడ దానికి కనబడును; సరిగా ముక్కునకు ఎదురుగా నున్నది మాత్రము అంత బాగుగా కనబడదు. వెనుక కాళ్లు పొడవగుటచే ఎగువకు పరుగెత్తుటలో దానికి అనువెక్కువ. తిన్నగా పరుగెత్తినచో కుక్కకు చిక్కుననియెరిగి, అది మలుపులు తిరుగుచు పోవును. బరువైన కుక్క ఆ వేగమున వెంటనే మరలలేక ముందునకు సాగిపోవును. ఆ రెప్పపాటులో కుందేలు పది బారల దూరము సంపాదించుకొనును.

ఈ రెండు రక్షణములను ఛేదించుటకు మనిషికి రెండు విధములైన కుక్కలు కావలసివచ్చెను. కదలక పడియున్న కుందేటిని వెదకుటకు ముక్కు గల కుక్క. లేచి పరుగెత్తు కుందేటిని అందుకొనుటకు చూపును కాళ్లును గల కుక్క. రెండవ తరగతికి చెందినవి కన్నడదేశమునందలి ముధోల్ కుక్కలు, తమిళదేశమునందలి చిప్పిపారై, కన్ని జాతులు. సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడవైన కాళ్లు, కోసుగానుండు మూతి వీని లక్షణములు. 2005లో భారత తపాలాశాఖవారు ముధోల్ కుక్క బొమ్మతో తపాలాబిళ్లను వెలువరించిరి. మన తెలుగుసీమయందు కొల్లేటి ప్రాంతమున జోనంగి యను జాతి కలదు. పొట్టిబొచ్చుతో నున్నగా నుండు ఈ కుక్కను బాతులమందలను కాచుటకును, చిన్నజంతువుల వేటకును వాడుచుండెడివారు. అయినను పెక్కు పల్లెలలో వేటకు పోయినది పేరులేని ఊరకుక్కయే. ముసలికుక్క వెంట పిల్లకుక్కను త్రిప్పి పని నేర్పెడివారు.

వేటకు వేళ ముఖ్యము. తెల్లవారుజామున మంచు తడి నేలపై నున్నంతసేపు వాసన నిలుచును. ఎండ ముదిరి నేల కాగిన పిమ్మట చెదరిపోవును. మరియు కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు; నాలుక చాచి రొప్పుటచేతనే అది తన వేడిని తగ్గించుకొనవలెను. ఎండలో అదేపనిగా పరుగెత్తించినచో మంచి జాగిలము సైతము వడదెబ్బకు ప్రాణము విడుచును. కావున తెలిసినవాడు ప్రొద్దెక్కకమునుపే ఇల్లు చేరెడివాడు. గాలి ఎదురుగా వచ్చునట్లు చూచుకొని పొలమున ప్రవేశింపవలెను; గాలి వెనుకనుండి వీచినచో మన వాసన ముందుగనే జంతువునకు చేరును. కుక్కలను జోడుగా విడుచుట మేలు. ఒకటి తరుముచు కుందేటిని మలపగా, ఆ మలుపును కనిపెట్టి రెండవది అడ్డగించును. పట్టిన జంతువును చీల్చక, నోట కరచుకొని తెచ్చి యజమాని కాళ్లచెంత పెట్టు కుక్కయే కుక్క. ఆకలిగొన్న ప్రాణి నోటిలోనున్న ఆహారమును మనిషికి అప్పగించుట సామాన్యమైన శిక్షణము కాదు.

ఈ విద్య మన భాషలో ఎంత లోతుగా ఇంకిపోయినదో గమనింపుడు. ‘పసిగట్టుట’ యనగా మొదట జంతువు వాసనను గుర్తించుట. నేడు రహస్యమేదైనను తెలిసికొన్న యెడల పసిగట్టె నందుము. ‘ఉసికొల్పుట’ కుక్కను వేటపైకి పురికొల్పు మాట. నేడు తగవులు పెట్టువానికి వాడుదుము. ‘మాటువేయుట’, ‘జాడ తీయుట’ అనునవియు అట్టివే. వేట మానినను వేటమాటలను మనము మానలేదు.

వేటకుక్కకు వెనుకటివారు చూపిన గౌరవమునకు ఒక శాసనము సాక్షి. మన పొరుగున కన్నడదేశమున ఆతకూరు అను గ్రామమున క్రీ.శ. 949-50 నాటి వీరశిల యొకటి దొరకినది. గంగరాజగు బూతుగుడు తన వీరుడగు మణలరుని పరాక్రమమునకు మెచ్చి యేమి కావలెనో కోరుకొమ్మనగా, అతడు రాజుగారి ‘కాళి’ యను వేటకుక్కను కోరుకొనెను. ఆ కాళి పిమ్మట పెద్ద అడవిపందితో పోరాడగా రెండును మరణించెను. కుక్క పేరిట శిల నిలిపి, దానికి పూజ జరుగుటకై భూమిని సైతము ఇచ్చిరి. ఆ శిల నేటికిని బెంగుళూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలయందు కలదు. వేటగాడును మనకు తక్కువవాడు కాడు. శ్రీకాళహస్తిలో కన్నప్పగా కొలువబడు తిన్నడు బోయకులమునందు పుట్టి వేటతో బ్రతికినవాడే గదా!

ఇంత గౌరవము గల పని నేడు నేరమెట్లయ్యె నని మీరడుగవచ్చును. నాటి వేటకు హద్దులుండెను. రెండు కుక్కలు, ఒక కఱ్ఱ, కాలినడక. ఎన్ని తిరిగినను దినమునకు దొరకునది ఒకటో రెండో. అడవియు బీడును విస్తారముగా నుండెను. పిమ్మట బీళ్లు దున్నబడెను, తుప్పలు తగ్గెను, తుపాకులు, మోటారు బండ్లు, కన్నులు చెదరగొట్టు దీపములు వచ్చెను. దీపపు వెలుగు కన్నులలో పడినచో కుందేలు దిక్కుతోచక నిలిచిపోవును. అప్పుడు దాని పరుగేమి, కుక్క నేర్పేమి? అది వేట కాదు, ఏరుకొనుట.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. మొదట కొన్ని జంతువుల వేటకు అనుమతిపత్రములు ఇచ్చెడివారు. 1991లో చట్టమును సవరించి ఆ పద్ధతిని ఎత్తివేసిరి. మన కుందేలు చట్టము కాపాడు ప్రాణులలోనిది. చట్టమున ‘వేట’ యను మాటకు అర్థము చంపుట మాత్రమే కాదు. పట్టుట, ఉచ్చులు పన్నుట, తరుముట, ఎర చూపుట, ఇందులో దేనికి ప్రయత్నించినను వేటయే. కుక్కను ఉసికొల్పి, కుందేలు తప్పించుకొని పోయినది గావున నేరము లేదనుట చెల్లదు. అట్టివానికి 3 సంవత్సరముల వరకు చెర, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అడవిపంది వంటి జంతువు పంటను పాడుచేయుచున్నచో, వ్రాతమూలమైన అనుమతి నిచ్చు అధికారము అటవీశాఖ పై యధికారులకు కలదు. ఆ దారి వదలి విద్యుత్తు తీగలు పరచువారు పందిని చంపబోయి పొరుగురైతును, అతని ఎద్దులను చంపుచున్నారు.

ఇతరదేశములలో కుక్కలతో కుందేళ్లను వేటాడుచుండగా మనకేల ఈ నిర్బంధ మని చదువుకొన్న కుఱ్ఱవాండ్రు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు సమాధానము ఆయా దేశముల నేలలోనే కలదు. ఆస్ట్రేలియా ఖండమున బొరియ కుందేలు పుట్టుకతో లేదు. 1859లో ఒక భూస్వామి వేట వినోదమునకై ఇంగ్లండు నుండి 24 కుందేళ్లను తెప్పించి విడిచెను. అవి లెక్కకు మించి పెరిగి పచ్చిక నెల్ల తినివేయగా, పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వము 1901 మొదలు 1907 వరకు 3,000 కిలోమీటర్లకు మించిన కంచెలను కట్టవలసివచ్చెను. అచ్చట కుందేటిని తగ్గించుట నేలను కాపాడుటయే. ఇంగ్లండునందైతే 2004 నాటి చట్టము పొలముకుందేటిని కుక్కలతో వేటాడుటను నిషేధించి, బొరియ కుందేటిని భూమి యజమాని అనుమతితో పట్టుటకు విడిచినది. చూచితిరా! ఆ రెండు జాతుల భేదమును నేను మొదట చెప్పుటకు కారణమిదియే. మనది పొలముకుందేలు, ఈ నేలలో పుట్టినది. నక్కకు, తోడేలునకు, గ్రద్దకు అది ఆహారము. పొలములో ఆహారము తరిగిన తోడేలు మన గొఱ్ఱెలమంద వైపు చూచును.

ఇక కుక్క మాట. వేట ఆగెను గాని కుక్కలో వేటబుద్ధి ఆగలేదు. యజమాని పట్టించుకొనని కుక్కలు రాత్రులందు గుంపుగూడి తమంతట తామే పొలములపై పడుచున్నవి. కుందేటి పిల్లలను, నేలపై గ్రుడ్లుపెట్టు కంజుపిట్టలను, కృష్ణజింకల కూనలను చంపుచున్నవి. గుంపు కట్టిన కుక్క క్రమముగా మేకపిల్లను, తుదకు మనిషిబిడ్డను కరచుటకు వెనుదీయదు. వెనుకటి జాగిలమునకు ఒక యజమాని, ఒక పిలుపు, ఒక హద్దు ఉండెను. నేడు మనము వేటను మాన్పితిమి గాని హద్దును నిలుపుకొనలేదు. నా మనవి యంతయు ఇందే యున్నది.

కావున పెద్దలు తమ గ్రామమున నాలుగు పనులు చేయింపగోరుచున్నాను. ప్రతి కుక్కకును ఒక యజమాని యుండవలెను. రాత్రి దానిని ఇంటివద్దనో, కళ్లమువద్దనో, మందవద్దనో ఉంచవలెను. పశువైద్యశాలలో పిచ్చికుక్క వ్యాధి రాకుండ సంవత్సరమునకొకమారు టీకా వేయింపవలెను. పిల్లలు అక్కరలేనివానికి శస్త్రచికిత్స చేయింపవలెను. పొలములో ఒంటరిగా కనబడిన కుందేటి పిల్లను పిల్లలు ఇంటికి తేకుండ చెప్పవలెను. తల్లి పగలు దూరముగా నుండి, చీకటివేళ వచ్చి పాలిచ్చి పోవును. దీపములు పట్టుకొని వేటకు పోవు యువకులకు, చట్టము వారిని పట్టుకొనకముందే, మీరు బుద్ధి చెప్పవలెను.

కుక్క నేర్పు వ్యర్థమగునని విచారింప నక్కరలేదు. కర్నూలు సీమయందలి పందికోన కుక్కలు కావలికి పేరొందినవి. నేడు పత్రికలలో ‘జాగిలము’ అను మాట ఎక్కువగా కనబడునది దొంగలజాడ తీయు పోలీసు కుక్కల విషయమున. 2008 నుండి మనదేశమున అటవీశాఖల కొఱకు కుక్కలకు ప్రత్యేక శిక్షణము నిచ్చుచున్నారు. పులిచర్మమును, ఏనుగుదంతమును పసిగట్టి అవి దొంగవేటగాండ్రను పట్టించుచున్నవి.

వేటయొక్క రూపమును నిలిపి ప్రాణిహింసను విడుచుట మన పెద్దలకు క్రొత్త గాదు. తిరుమలలో కనుమనాడు స్వామికి పారువేట యుత్సవము జరుగును. అహోబిలమున చెంచులక్ష్మిని చేపట్టిన నరసింహస్వామి సంక్రాంతి పిమ్మట పారువేటకై వెడలి, సుమారు 40 దినములు పల్లె పల్లెకును వచ్చి పూజలందుకొనును. ఆయన వచ్చు దారిలోని పొలములలో కుందేళ్లు ఉండునట్లు చూచుట ఆ పల్లెల పెద్దల చేతిలో నున్నది.