ప్రభువుగారి కళాపోషణ

పద్దెనిమిదో శతాబ్దపు జర్మనీ చిన్నాపెద్దా సంస్థానాల సముదాయం. వాటిలో ఒకటి హెస్సె-కాసెల్. 1760 నుంచి 1785 దాకా దాన్నేలిన రెండో ఫ్రెడరిక్ విద్యావంతుడు, కళాభిమాని. 1779లో కాసెల్ నగరంలో ఆయన ప్రారంభించిన ఫ్రిడెరిషియానుం, యూరప్‌లో ప్రజలకు తలుపులు తెరిచిన తొలి మ్యూజియంలలో ఒకటి.

ఇంత వైభవానికి డబ్బెక్కడిది? ఆ ఖజానాకు ముఖ్యమైన రాబడి సైన్యాన్ని అద్దెకివ్వడం. తాతల నాటి ఈ వ్యాపారాన్ని ఫ్రెడరిక్ మరింత పెంచాడు. అమెరికన్ వలసల తిరుగుబాటును అణచడానికి 1776లో ఇంగ్లండుతో బేరం కుదుర్చుకున్నాడు. జర్మన్ సంస్థానాల నుంచి అమెరికా వెళ్ళిన దాదాపు 30,000 మందిలో సగానికి పైగా ఆయన సైనికులే. అద్దె ప్రభువుకు ముట్టింది; చావు రైతుబిడ్డల పాలయింది.

1781లో జాయిమె అనే విద్యార్థిని దారిలో పట్టుకుని ఈ సైన్యంలో చేర్చి, సముద్రం దాటించి కెనడాకు పంపారు. తరువాత రచయితైన ఆయన ఆ కథను ఆత్మకథకెక్కించాడు. 1784లో షిల్లర్ ‘కుట్ర, ప్రేమ’ నాటకంలో, ఒక ప్రభువు తన ప్రియురాలికి పంపిన నగల వెల అమెరికాకు అమ్ముడుపోయిన యువకులేనని ముసలి నౌకరు చేత చెప్పించాడు.

ఫ్రెడరిక్ మ్యూజియం నిజమే. దాన్నొక్కదాన్నే చెప్పే చరిత్ర జమలు రాసి ఖర్చులు దాచిన పద్దు. ఆ ఖర్చును రాసిపెట్టినవారు సాహిత్యకారులు.